యుద్ధం మిగిల్చిన లారీలు

మహాయుద్ధం ఒకటి ముగిసిన తర్వాత సైన్యాల చేతిలో మిగిలే సామగ్రిలో చాలా భాగం శాంతికాలానికి పనికిరాదు. ఫిరంగితో పొలం దున్నలేము. టాంకును కరగించి ఇనుము చేసుకోవలసిందే. కాని సైనికుల లారీ సంగతి వేరు. నిన్నటిదాకా మందుగుండు మోసిన బండి నేడు బొగ్గు మోయగలదు. నిన్న ఫిరంగిని ఈడ్చిన బండి నేడు అడవిలో పడివున్న మానును ఈడ్చగలదు. అందుచేతనే ఇరవయ్యవ శతాబ్దంలో జరిగిన రెండు ప్రపంచయుద్ధాల తర్వాత కూడ సైనిక లారీలు వేలకు వేలుగా అమ్మకానికి వచ్చినవి. వాటిని కొన్నవారిలో కొందరు బాగుపడ్డారు. కొందరు చేతిలో ఉన్నది కాస్తా పోగొట్టుకొన్నారు. బండ్లు అవే, వేలంపాటలు అవే. మరి ఫలితంలో ఇంత భేదం ఎందుకు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం బ్రిటన్ దేశంలో 1945 తర్వాత పదిపదిహేనేళ్లపాటు జరిగిన కథలో స్పష్టంగా కనబడుతుంది. ఆ కథనే శ్రోతలకు మనవి చేస్తాను.

దానికి పూర్వరంగం మొదటి ప్రపంచయుద్ధంలో ఉన్నది. 1914లో సైన్యాలు ముఖ్యంగా గుర్రాలనే నమ్ముకొని బయలుదేరినవి. 1918 నాటికి మోటారు లారీ లేనిదే సైన్యానికి అన్నం అందని స్థితి ఏర్పడినది. యుద్ధవిరమణ కాగానే ఆ లారీలన్నీ ఒక్కసారిగా విపణిమీద పడ్డవి. లంకాషైరులోని లేలండు కంపెనీ యుద్ధకాలంలో సుమారు 6 వేల లారీలు తయారుచేసి, వాటిలో అధికభాగం వైమానిక దళానికి అందించినది. తర్వాతి కాలంలో మన మద్రాసులోని అశోక్ లేలండు పేరులో చేరిన లేలండు ఇదే. అరిగిపోయిన తన లారీలు ఎవరెవరి చేతుల్లోనో పడి, దారిపొడుగునా ఆగిపోతూవుంటే తన పేరు చెడుతుందని ఆ కంపెనీ భయపడినది. తాను సైన్యానికిచ్చిన లారీలను సుమారు 3 వేల దాకా తానే తిరిగి కొన్నది. లండనుకు సమీపాన హామ్ అనే చోట ఒక కర్మాగారం తీసుకొని, ఒక్కొక్క లారీని పూర్తిగా ఊడదీసి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ అమర్చి అమ్మినది. 1920 తర్వాత వచ్చిన వ్యాపారమాంద్యంలో ఈ పెట్టుబడి కంపెనీకి మోయరాని భారమైనది. కాని లేలండు లారీకి ఉన్న పేరు మాత్రం నిలిచినది.

అదే కాలంలో లండనుకు పడమట ఉన్న స్లౌ పట్టణం పక్కన ప్రభుత్వమే ఒక పెద్ద మరమ్మతు కేంద్రాన్ని నిర్మించినది. యుద్ధం ముగిసిన తర్వాత కూడ అది పూర్తికాక, పాడుబడిన బండ్లకు నిలయమైనది. ప్రజలు దానిని చెత్తకుప్ప అని ఎగతాళి చేసేవారు. 1920లో ప్రభుత్వం ఆ స్థలాన్ని, షెడ్లను, అక్కడున్న సుమారు 17 వేల వాహనాలతో సహా ఒక వ్యాపారసంఘానికి 70 లక్షల పౌన్లకు పైగా అమ్మివేసినది. కొన్నవారు వాహనాలను బాగుచేసి కొన్నేళ్లలో అమ్ముకొన్నారు. ఖాళీ అయిన షెడ్లను ఇతర పరిశ్రమలకు అద్దెకిచ్చారు. ఇంగ్లండులో పేరుపొందిన స్లౌ పారిశ్రామిక వాడ ఆ విధంగా పుట్టినది. ఈ రెండు ఉదంతాలూ ఒకే విషయం చెపుతున్నవి. సైన్యం విడిచిన లారీకి విలువ ఆ లారీలోనే ఉండదు. దాని వెనుక నిలబడే మరమ్మతుశాలను బట్టి ఉంటుంది. ఇరవైఅయిదేళ్ల తర్వాత చాలమంది ఈ పాఠాన్ని మళ్లీ మొదటినుండి నేర్చుకోవలసివచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధం నాటికి లెక్కలు తారుమారైనవి. అమెరికాలో జనరల్ మోటార్సువారు తయారుచేసిన రెండున్నర టన్నుల జి.ఎం.సి. లారీ ఒక్కటే 5 లక్షల 60 వేలకు పైగా తయారైనది. కెనడా దేశం అన్ని రకాలూ కలిపి 8 లక్షలకు పైగా సైనిక వాహనాలను నిర్మించినది. బ్రిటన్‌లో బెడ్‌ఫర్డు లారీలే సుమారు రెండున్నర లక్షలు వెలువడినవి. ఇవిగాక ఫిరంగులు లాగే ట్రాక్టర్లు, విరిగిన వాహనాలను తెచ్చే క్రేను బండ్లు, టాంకులు మోసే మహాశకటాలు వేలకొలదిగా ఉన్నవి.

1945లో శాంతి వచ్చినది. కాని బ్రిటన్ దేశం అప్పులతో కుంగివున్నది. కర్మాగారాలనుండి వచ్చే కొత్త లారీలలో పెద్దభాగం విదేశాలకు ఎగుమతి కావలసివచ్చినది. ఉక్కు కొరతగా ఉన్నది. స్వదేశంలో కొత్త లారీ కావలసినవాడు పేరు నమోదు చేసుకొని నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు నిరీక్షించవలసివచ్చేది. మరొకవైపు సరఫరా మంత్రిత్వశాఖవారు మైదానాల్లో వరుసలు తీర్చి నిలిపిన సైనిక వాహనాలను వేలం వేస్తున్నారు. నాటింగ్‌హామ్‌షైరులోని రడింగ్టన్ డిపోలో జరిగే వేలంపాటలు వ్యాపారులలో ప్రసిద్ధి పొందినవి. కలప వర్తకులు, బస్సు కంపెనీలవారు, మోటారు మరమ్మతు చేసేవారు, సంతలలో రంగులరాట్నాలు నడిపేవారు, బరువులు చేరవేసే కంపెనీలవారు అక్కడికి వచ్చేవారు. వీరితోపాటు అప్పుడే సైన్యంనుండి విడుదలైన యువకులు కూడ వచ్చేవారు. యుద్ధసేవకు ప్రతిఫలంగా లభించిన కొద్దిపాటి సొమ్ము వారి చేతిలో ఉన్నది. లారీ నడపటం, బాగుచేసుకోవటం సైన్యమే నేర్పినది. ఒక లారీ కొనుక్కొంటే స్వతంత్రంగా బతకవచ్చునని వారి ఆశ. వారికి ఆ ఎంపిక ఒక్కసారే చేయగల పని. తప్పితే మళ్లీ కొనటానికి డబ్బు లేదు.

మన పల్లెలలో సంతకు వెళ్లి ఎద్దును కొనే రైతు మొదట ఆ ఎద్దు ఏ పనికో నిర్ణయించుకొంటాడు. దమ్ముచేసే ఎద్దు వేరు, బండికి కట్టే ఎద్దు వేరు. తర్వాత పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. సైనిక లారీని కొనేవాడు కూడ సరిగా ఇదే క్రమంలో ఆలోచించవలసివుండెను. అయితే వేలంపాటలో నడిపించి చూసే అవకాశం సాధారణంగా ఉండేది కాదు. ఉన్నది ఉన్నట్లుగా కొనుక్కోవలసిందే. కనుక మొదటి ప్రశ్నకు, అనగా ఏ పనికి అనే ప్రశ్నకు, ఎంతో ప్రాధాన్యం వచ్చినది.

బరువు మోయటం వేరు, బరువు లాగటం వేరు. ఈ భేదం పైకి కనబడేంత చిన్నది కాదు. మోసే లారీకి బరువు తన వీపుమీదే ఉంటుంది; ఆ బరువే చక్రాలను నేలకు అదిమిపెడుతుంది. లాగే లారీకి బరువు వెనుక ట్రైలరుమీద ఉంటుంది. తన చక్రాలు నేలను పట్టుకోవటానికి తన సొంత బరువే ఆధారం. ఇంజను ఎంత బలమైనదైనా సరే, చక్రానికి నేలమీద పట్టు లేకపోతే చక్రం ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ఇంజను తిప్పే చక్రాలమీద 10 టన్నుల బరువు ఉన్నదనుకొందాము. పొడిగా ఉన్న గట్టి రోడ్డుమీద అది సుమారు 6 టన్నుల బలంతో లాగగలదు. తడి మట్టిలో 3 టన్నులు కూడ రావటం కష్టం. ఇక లాగవలసిన భారం సంగతి చూద్దాము. 100 టన్నుల భారాన్ని చదునైన మంచి రోడ్డుమీద కదలించటానికి రమారమి 2 టన్నుల బలం చాలును. అదే పది అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే వాలు వస్తే, మరొక 10 టన్నుల బలం అదనంగా కావాలి. చదునులో సులువుగా సాగిన బండి గట్టు దగ్గర చతికిలబడటానికి కారణం ఈ లెక్కే. అందువల్ల లాగే పనికి కావలసినది వేగం కాదు. బరువైన శరీరం, నెమ్మదిగా తిరిగే ఇంజను, బాగా దిగువ గేర్లు, దృఢమైన చాసీ, ఒక మంచి వించి. వించి అంటే ఉక్కుతాడును డ్రమ్ముకు చుట్టి ఇంజను బలంతో లాగే యంత్రం.

ఈ దృష్టితో చూస్తే ఆనాడు వేలంలో అన్నిటికంటె ఎక్కువగా దొరికిన జి.ఎం.సి. లారీ మోసే బండియే గాని లాగే బండి కాదు. దానికి ఆరు చక్రాల స్థానాలు, ఆరింటికీ ఇంజను శక్తి అందే ఏర్పాటు. రెండున్నర టన్నులనే కొలత బాటలేని నేలకు చెప్పినది. మంచి రోడ్డుమీద దానికి దాదాపు రెట్టింపు మోయగలదు. 1944 ఆగస్టు 25వ తేదీనుండి నవంబరు 16వ తేదీ వరకు ఫ్రాన్సులో ముందుకు దూసుకుపోతున్న సైన్యాలకు ‘రెడ్ బాల్’ అనే రవాణావ్యవస్థ ద్వారా సరుకులు అందించినవి ముఖ్యంగా ఈ లారీలే. ఆ కీర్తి వినినవారికి అది అజేయమైన బండి అని తోచటం సహజం. కాని ఆ కీర్తి వెనుక రాత్రింబవళ్ల పరుగు, మితిమీరిన బరువులు, తీరికలేక వాయిదా పడిన మరమ్మతులు ఉన్నవి. అటువంటి సేవచేసిన లారీలో మిగిలివున్న ఆయుర్దాయం ఎంతో ఆలోచించవలసివుండెను. అంతేగాక దానికి వెనుక జంటచక్రాలతో కలిపి 10 టైర్లు కావాలి. ఇంజను పెట్రోలుతో నడిచేది. బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను 1950 మే 26వ తేదీవరకు కొనసాగినది. విడిభాగాలు అమెరికానుండి రావాలంటే డాలర్లు కావాలి. డాలర్లకు ఆ దేశంలో కటకటగా ఉన్నది. 1949 సెప్టెంబరులో పౌను విలువను 4 డాలర్ల 3 సెంట్లనుండి 2 డాలర్ల 80 సెంట్లకు తగ్గించటంతో అమెరికా సామాను మరింత ప్రియమైనది. అందువల్ల ఒక బండిని నడపటానికి మరొక బండిని ఊడదీసుకొనే పద్ధతి వచ్చినది. ఏనుగును కొనటంకంటె మేపటం కష్టమని మన పెద్దలు చెప్పే మాట ఇటువంటి సందర్భానికే సరిపోతుంది.

దీనికి భిన్నంగా ఒక బ్రిటిషు బండి ఉన్నది. దాని పేరు మాటడార్. లండను నగర బస్సులను నిర్మించిన ఎ.ఇ.సి. కంపెనీవారు సౌథాల్‌లోని తమ కర్మాగారంలో మధ్యరకం ఫిరంగులను, విమానాలను కూల్చే తుపాకులను లాగటానికి దానిని తయారుచేశారు. యుద్ధకాలంలో సుమారు 9 వేలు తయారైనవి. నాలుగు చక్రాలు, నాలుగింటికీ ఇంజను శక్తి. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను, సుమారు 95 అశ్వశక్తి. గరిష్ఠ వేగం గంటకు 36 మైళ్లు. చాసీ మధ్య 7 టన్నుల బలంతో లాగే వించి. చూడటానికి మోటుగా ఉంటుంది. అంకెలు కూడ అద్భుతంగా ఏమీ కనబడవు. కాని లాగే పనికి కావలసిన గుణాలన్నీ అందులో ఉన్నవి. ఒక్కొక్క ఇరుసుకు రెండు పెద్ద టైర్ల చొప్పున నాలుగే టైర్లు. డీజిలు ఇంజను గనుక, బరువు లాగేటప్పుడు పెట్రోలు ఇంజను తాగినంత ఇంధనం తాగదు.

అన్నిటికంటె ముఖ్యమైన గుణం మరొకటి ఉన్నది. మాటడార్‌లోని ఇంజను ఎ.ఇ.సి. బస్సుల ఇంజను కుటుంబానికి చెందినది. ఆ బస్సులు బ్రిటన్ అంతటా తిరుగుతున్నవి. వాటికి విడిభాగాలు ఉన్నవి, వాటిని ఎరిగిన మెకానిక్కులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అందుచేత బస్సు కంపెనీలు మాటడార్లను కొని, వెనుకభాగంలో క్రేను అమర్చి, దారిలో ఆగిపోయిన తమ బస్సులను షెడ్డుకు లాక్కొనివచ్చే పనికి నియోగించినవి. బస్సును బాగుచేసే చేతులే లాగే బండిని కూడ బాగుచేసేవి. సైన్యం విడిచిన బండి అయినా దానికి పౌరజీవితంలో దాయాదులు ఉన్నందువల్ల అది అనాథ కాలేదు.

కలప వర్తకులు కూడ మాటడార్‌నే ఎన్నుకొన్నారు. ఇంగ్లండులో చెట్టును నరికిన తర్వాత దానిని అడవినుండి రోడ్డుదాకా తేవటమే అసలు కష్టం. వాననీటితో నానిన నేలమీద బండి చెట్టుదాకా పోలేదు. మాటడార్ గట్టినేలమీదే నిలిచి, వించి తాడును చెట్టుదాకా పంపి, మానును తనవద్దకు ఈడ్చుకొనేది. తర్వాత దానిని రోడ్డుదాకా లాగేది. వెనుకభాగంలో అమర్చిన ఇనుపదూలాల సాయంతో అదే వించి ఆ మానును పైకెత్తి ట్రైలరుమీద వేసేది. ఈడ్వటం, లాగటం, ఎత్తటం అనే మూడు పనులూ ఒకే బండి, ఒకే ఇంజనుతో చేసినది. అందువల్ల ఫిరంగికోసం పుట్టిన ఈ బండి యుద్ధం ముగిసిన దశాబ్దాల తర్వాత కూడ అడవులలో పనిచేస్తూనే ఉండినది.

విరిగిన, బోల్తాపడిన వాహనాలను లేవనెత్తే పనికి మరొక బండి పేరు పొందినది. వాట్‌ఫర్డు పట్టణంలోని స్కామెల్ కంపెనీవారి పయొనీర్. దీని నమూనా 1927 నాటిది. ఆలివర్ నార్త్ అనే ఇంజనీరు దీనిని రూపొందించాడు. ఆరు చక్రాలలో వెనుకనున్న నాలుగింటికే ఇంజను శక్తి అందుతుంది, ముందుచక్రాలకు అందదు. అయినా గుంటలు మిట్టలుగల నేలమీద వెనుక చక్రాలు ఒకటి పైకి, ఒకటి కిందికి స్వేచ్ఛగా కదిలేటట్లు అమర్చినందువల్ల ఏ చక్రమూ నేలను విడవదు. దానిలోని గార్డ్‌నర్ డీజిలు ఇంజను సుమారు 102 అశ్వశక్తి గలది. ఇంధనపు పొదుపుకు, దీర్ఘాయువుకు ఆ ఇంజను ప్రసిద్ధమైనది; పౌరుల లారీలలోనూ విరివిగా వాడుకలో ఉన్నది. వేగం మాత్రం గంటకు 24 మైళ్లకు మించదు. వేగం తక్కువని దానిని వద్దన్నవారు ఒక సంగతి మరిచారు. 3 టన్నులకు మించిన ఖాళీబరువుగల సరుకుల బండ్లకు 1957వరకు బ్రిటిషు చట్టం అనుమతించిన వేగమే గంటకు 20 మైళ్లు. చట్టం ఒప్పుకోని వేగానికి ధర చెల్లించటం వృథా.

ఇక అన్నిటికంటె పెద్ద పని మహాభారాలను చేరవేయటం. 1948లో విద్యుచ్ఛక్తి పరిశ్రమ జాతీయం అయిన తర్వాత బ్రిటన్‌లో కొత్త విద్యుత్కేంద్రాల నిర్మాణం ముమ్మరమైనది. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు 100 టన్నులకు పైగా తూగేది. వాటిని రోడ్డుమీద తీసుకుపోగల కొత్త ట్రాక్టర్లు కావలసినన్ని దొరకవు. అప్పుడు పిక్‌ఫర్డ్స్, న్యూపోర్టు పట్టణంలోని రాబర్ట్ విన్ కంపెనీ మొదలైనవారు సైన్యపు టాంకు శకటాలవైపు చూశారు. వాటిలో మొదటిది చికాగో నగరంలోని డైమండ్ టి కంపెనీవారిది. 1940లో బ్రిటిషువారు కోరిన మీదట అది రూపొందినది. మొత్తం 5,871 తయారైనవి. దానిలోని హెర్క్యులిస్ డీజిలు ఇంజను 14.6 లీటర్ల పరిమాణం, 185 అశ్వశక్తి గలది. వించి బలం సుమారు 18 టన్నులు. వేగం గంటకు 23 మైళ్లు. అనుభవజ్ఞులు దానిని కొనగానే చేసిన మొదటి పని వెనుక ఇరుసులమీద పెట్టె కట్టి, అందులో ఇనుప దిమ్మెలో కాంక్రీటు దిమ్మెలో నింపటం. లాగే బండికి సొంత బరువే పట్టు అని ఇంతకుముందు చెప్పుకొన్నాము గదా. భారం ఎక్కువైతే ముందు ఒక ట్రాక్టరు లాగేది, వెనుకనుండి మరొకటి నెట్టేది. గట్టు దిగేటప్పుడు వెనుకది పట్టి ఆపేది. వాలుమీద 100 టన్నులకు 12 టన్నుల బలం కావాలనే లెక్కను వారు ఈ విధంగా తీర్చుకొన్నారు.

అంతకంటె పెద్దది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ కంపెనీవారు నిర్మించిన ఎం-26. ఆరు చక్రాలకూ శక్తి, 240 అశ్వశక్తుల పెట్రోలు ఇంజను, తుపాకీగుండ్లకు లొంగని ఉక్కుకవచంగల డ్రైవరు గది. 120 గాలన్ల టాంకు నింపితే దాదాపు 120 మైళ్లు మాత్రమే పోగలదు. అనగా మైలుకు ఒక గాలను. సైన్యానికి ఈ ఖర్చు లెక్కలోకి రాలేదు. పెట్రోలు రేషనుగల దేశంలో వ్యాపారికి అది ప్రాణాంతకం. విన్ కంపెనీవారు దీనిలోని బలాన్నీ, దోషాన్నీ రెంటినీ గ్రహించారు. కొన్ని ఎం-26 బండ్లను కొని, కవచపు గదిని తీసివేసి సాధారణమైన గది కట్టి, పెట్రోలు ఇంజనుకు బదులు డీజిలు ఇంజన్లు అమర్చారు. చాసీ, ఇరుసులు, గేర్లు మాత్రం ఉంచుకొన్నారు. ఆ విధంగా తిరిగి పుట్టిన బండ్లు 1950, 1960 దశకాలలో బ్రిటన్ రోడ్లమీద అత్యంత భారమైన యంత్రాలను చేరవేసినవి. అయితే ఇది అందరికీ సాధ్యమైన పని కాదు. సొంత మరమ్మతుశాల, నిపుణులైన ఇంజనీర్లు, తరతరాల అనుభవం ఉన్న కంపెనీకే అది చెల్లినది. ఒంటరిగా ఒక బండి కొన్న మనిషి అదే సాహసం చేస్తే మునిగిపోయేవాడు.

ఇంతవరకు పనికి తగిన బండి సంగతి. బండిని పరీక్షించటం రెండవ సంగతి. ఇంజనును నడిపి చూసే వీలులేని వేలంలో, తెలిసినవారు కన్నుతోనూ చేతితోనూ చాలా విషయాలు గ్రహించేవారు. సైన్యపు మరమ్మతుశాలలో పూర్తిగా బాగుచేసిన బండికి, ఎక్కడ, ఎప్పుడు బాగుచేశారో తెలిపే చిన్న రేకు ఒకటి అమర్చేవారు. మొదట దానిని వెతికేవారు. మైళ్లు చూపే మీటరును నమ్మేవారు కారు. గేరుపెట్టెలోని నూనె తీసిచూస్తే పాలవలె తెల్లగా ఉన్నదా, నీరు చేరినదన్నమాట. నూనెలో మెరిసే ఇనుపరజను ఉంటే గేర్లు అరిగినవన్నమాట. చాసీకి స్ప్రింగులు కలిసే చోట, వించి బిగించిన చోట రంగు కింద సన్నని పగుళ్లున్నవేమో వేలితో తడిమేవారు. వించి తాడును చివరిదాకా విప్పి, లోపలి చుట్లలో తీగలు తెగినవేమో చూసేవారు. పైన కొత్తగా కనబడే టైరు, సంవత్సరాలకొద్దీ ఎండకు వానకు మైదానంలో నిలిచినదైతే దాని పక్కలు బీటలువారివుంటవి. అటువంటి టైరుకు రూపమే గాని బలం ఉండదు. కొత్త ఆకుపచ్చరంగు పూసిన బండిని చూసి మోసపోయినవారు, మాసిన బండిని నమ్మి బాగుపడినవారు ఇద్దరూ ఆ మైదానాలలో ఉండేవారు.

మూడవ సంగతి చట్టం. సైనికవిధినుండి వచ్చిన యువకులలో చాలమంది దీనిని ఆలోచించలేదు. 1933 నాటి బ్రిటిషు చట్టం ప్రకారం ఇతరుల సరుకులను కిరాయికి మోయాలంటే ప్రత్యేకమైన లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు అడిగిన ప్రతివారికీ రాదు. అప్పటికే ఆ దారిలో ఉన్న రైల్వేలు, లారీ యజమానులు అభ్యంతరం చెప్పవచ్చును. తన సొంత సరుకులను మోసుకొనేవానికి మాత్రం లైసెన్సు సులభంగా లభించేది. పైగా 1947 రవాణాచట్టం దూరప్రయాణపు లారీ వ్యాపారాన్ని జాతీయం చేసినది. ప్రత్యేక అనుమతి లేని ప్రైవేటు లారీలు తమ కేంద్రానికి 25 మైళ్ల లోపలనే కిరాయికి తిరగాలని నిర్బంధించినది. 1953లో వచ్చిన మరొక చట్టం ఆ విధానాన్ని తిరగదోడినది గాని, అప్పటికి ఆరేళ్లు గడిచినవి. దూరపు కిరాయిలను ఊహించుకొని పెద్ద లారీ కొన్నవాడు ఆ బండిని 25 మైళ్ల తాడుకు కట్టివేసినట్లు తిప్పవలసివచ్చినది. అడవినుండి తన కలపను తానే తెచ్చుకొనే వర్తకునికి, తన వర్కుషాపుకు విరిగిన కారును లాక్కొనివచ్చే మెకానిక్కుకు ఈ చిక్కు తగలలేదు. లాగే బండ్లు కొన్నవారిలో ఎక్కువమంది నిలబడటానికి ఇది కూడ ఒక కారణం.

మన దేశంలో కూడ 1945 తర్వాత డిస్పోజల్సు అనే మాట ఇంటింటా వినబడినది. సైనిక డిపోలనుండి అమ్ముడైన లారీలు ప్రైవేటు రవాణాలో చేరి, చెక్కబాడీలు కట్టించుకొని, ధాన్యం, కలప, బొగ్గు మోసినవి. అమెరికా సైన్యం విడిచిన ట్రాక్టర్లతో భారతప్రభుత్వం కేంద్ర ట్రాక్టరు సంస్థను నెలకొల్పి, మధ్యభారతంలో రెల్లుజాతి కలుపుతో బీడుపడిన భూములను లోతుగా దున్నించినది. ఆ పాత యంత్రాలతోనే ఆ బృహత్కార్యం సాగదని గ్రహించి, 1949లో ప్రపంచబ్యాంకునుండి కోటి డాలర్ల రుణం తీసుకొని కొత్త యంత్రాలు తెప్పించినది. పాత యంత్రంతో పని ప్రారంభించవచ్చును. దానికి ఆయువు ఎంతో ముందే లెక్కవేసుకొనివుండాలి.

ఈ చరిత్రనంతా ఒకచోట చేర్చి చూస్తే, బాగుపడినవారు అడిగిన ప్రశ్నల వరుస స్పష్టంగా కనబడుతుంది. నేను చేయబోయే పని ఏది, మోయటమా, లాగటమా? ఈ బండిని బాగుచేయగల చేతులు, దానికి కావలసిన భాగాలు నా ఊరిలో ఉన్నవా? దానికి రోజూ ఎంత మేత కావాలి? చట్టం నన్ను ఎంతదూరం పోనిస్తుంది? ఈ నాలుగింటికీ సమాధానం దొరికిన తర్వాతనే వారు ధర అడిగారు. నష్టపడినవారు ధరతో మొదలుపెట్టారు. వారు తెలివిలేనివారు కారు. యుద్ధంలో ఆ బండ్లు చేసిన ఘనకార్యాలను కళ్లారా చూసినవారు. కాని యుద్ధంలో లారీ ఖర్చును దేశం భరించినది. శాంతికాలంలో ఆ ఖర్చు ఒక కుటుంబం మీద పడినది. సైన్యం ఒక బండిని ఎన్నుకొన్న కారణాలు, ఒక గృహస్థుడు దానిని ఎన్నుకోవలసిన కారణాలు వేరువేరు.

టాంకులను యుద్ధరంగానికి మోసిన శకటాలే తర్వాత ఊళ్లకు దీపాలు వెలిగించే ట్రాన్స్‌ఫార్మర్లను మోసినవి. ఫిరంగులను ఈడ్చిన మాటడార్లే యుద్ధంలో కూలిన ఇళ్లను తిరిగి కట్టుకొంటున్న దేశానికి కలప ఈడ్చినవి. ఆ బండ్లను తగిన పనిలో పెట్టిన కలప వర్తకులు, మెకానిక్కులు, డ్రైవర్ల పేర్లు చరిత్ర గ్రంథాలలో అరుదుగా కనబడుతవి. దేశం తిరిగి నిలదొక్కుకొనటంలో వారి వివేకానికి కూడ ఒక భాగం ఉన్నది.